వృద్ధశునకము - గృహస్థధర్మము

ఉపకారము చేసినవారికి ప్రత్యుపకారము చేయవలెనని అందరును అంగీకరింతురు. అయితే ఉపకారము చేయు శక్తి ఉడిగిన పిదప ఆ ఋణము మిగిలియుండునా? మనుష్యుల విషయమున ఈ ప్రశ్న వచ్చినప్పుడు లోకనిందకు వెరచియైనను మనము సరియైన సమాధానమే చెప్పుదుము. మనలను నిందింపజాలని మూగప్రాణి విషయమున వచ్చినప్పుడే మన ధర్మబుద్ధి యెంతటిదో తేలిపోవును.

ఒక పెంపుడు కుక్కను ఉదాహరణముగా తీసికొందము. అది పది పండ్రెండేండ్లు వాకిట కావలి కాచినది. వయసులో నున్నప్పుడు బండి తగిలియో, గోడ దూకినప్పుడు కాలు మెలికపడియో, మోకాటి లోపలి బంధనము తెగినది. కొన్ని దినములు మూడు కాళ్లపై కుంటి, పిమ్మట ఎట్లో నడచినది. గాయము మానినదని ఇంటివారు తలంచిరి. కాని బంధనము తెగిన కీలునకు నిలుకడ యుండదు. నడచినప్పుడెల్ల ఎముకల కొనలను కప్పియున్న మృదులాస్థి ఒరసికొని అరుగుచుండును. మృదులాస్థికి రక్తనాళములు లేవు. కావున అరిగినది మరల పూడుట మిక్కిలి అరుదు. ఇట్లు ఏండ్లు గడచి వార్ధక్యము వచ్చునప్పటికి ఆ పాత దెబ్బయే కీళ్లవాతముగా బయటపడును.

ఉదయము లేవబోయినప్పుడు కాళ్లు బిగిసికొనిపోవుట, మెట్టెక్కుటకు జంకుట, ఒకే కీలును పదేపదే నాకుకొనుట, తాకబోయినవారిపై గుర్రుమనుట, ఇవియే దాని భాష. మనమో, "ముసలిదై సోమరియైనది, పొగరెక్కినది" అందుము. అది తన బాధను చెప్పుకొనుచుండగా, దానిని మనము స్వభావదోషముగా లెక్కించుచున్నాము.

ఇట్టి స్థితిలో కొందరు దానిని ఊరి వెలుపలికి కొనిపోయి విడిచి వత్తురు. మహాప్రస్థానిక పర్వమున ధర్మరాజు కథ మనకు తెలియనిది కాదు. తమ్ములును ద్రౌపదియు దారిలో పడిపోయిరి. కుక్కను విడిచి రథమెక్కుమని ఇంద్రుడు చెప్పెను. ఆశ్రయించినదానిని విడుచుట మహాపాపమని ధర్మరాజు స్వర్గమునే కాదనెను. ఈ కథలో ఆ కుక్క ఆయనకు చేసిన ఉపకారమేమియు కనబడదు. అది వెంట నడచినది, అంతియే. ఋణమునకు మూలము ఉపకారము కాక ఆశ్రయమే యైనప్పుడు, కావలి కాయు శక్తి పోయినంతమాత్రమున ఆ ఋణమెట్లు తీరును? మన దేశమున 1960లో వెలువడిన జంతుహింసా నివారణ చట్టము సైతము, ఆకలిదప్పులతో బాధపడునట్లు జంతువును నిష్కారణముగా విడిచిపెట్టుటను నేరముగా పరిగణించుచున్నది. అయితే శిక్షకు వెరచి ఇంట నుంచుకొనుట ధర్మమునకు తొలిమెట్టు మాత్రమే.

మరికొందరు విడువరు, మిక్కిలి ప్రేమింతురు. "పాపము, నడువలేకున్నది; తినుటయైన తిననిండు" అని నేతి అన్నమును, మిఠాయిలను పెట్టుదురు. ఇచ్చటనే మన విచారణ సూక్ష్మమగుచున్నది. దయ యున్నంతమాత్రమున చాలునా?

2002లో అమెరికాలో ఒక దీర్ఘకాల పరిశీలన ఫలితము ప్రకటింపబడినది. 48 లాబ్రడార్ కుక్కలను జతలుగా విభజించి, చిన్ననాటినుండియు ప్రతి జతలో ఒకదానికి రెండవదానికంటె 25 శాతము తక్కువ ఆహారము పెట్టిరి. కడుపునిండ తిన్న కుక్కలలో సగము 11.2 ఏండ్లకే మరణింపగా, మితముగా తిన్నవానిలో సగము మరణించుటకు 13 ఏండ్లు పట్టెను. కీళ్లవాతమునకు మందు వాడవలసిన అవసరము కూడ వీనికి ఆలస్యముగా కలిగెను. మనము ప్రేమతో పెట్టిన అదనపు కబళమే అరిగిన కీలుపై బరువై కూర్చుండుచున్నదన్నమాట. దానిని పస్తుంచుమని దీని అర్థము కాదు. చేతితో తడిమినప్పుడు ప్రక్కటెముకలు తెలియునట్లుండుట ఆరోగ్యము.

మన నొప్పికి వాడుకొను మాత్రను దానికి వేయుటయు ఇట్టిదే. ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండములను చెరుపగలదు. పారాసిటమాల్ మోతాదు మించినచో కాలేయమునకు హాని. పశువైద్యుడు బరువును, రక్తమును పరీక్షించి యిచ్చు మెలోక్సికామ్, కార్ప్రొఫెన్ వంటి మందుల మార్గము వేరు. వైద్యుని అడుగక మందు వేసినవాడు క్రూరుడు కాడు, దయ గలవాడే. అయినను ఆ కుక్క అనుభవించు ఫలితము క్రూరుని చేతి ఫలితమునకంటె భిన్నము కాదు.

కావున మన హృదయము తృప్తి పడుట దయకు కొలత కాదు; ఎదుటి ప్రాణి బాధ తగ్గుటయే కొలత. అట్టి దయకు కావలసినది కన్నీరుకంటె శ్రద్ధ. నున్నని గచ్చుపై కాళ్లు జారకుండ గోనెపట్టాలు పరచుట, చలికాలమున వెచ్చని మెత్తని పడక అమర్చుట, పెరిగిన గోళ్లను కత్తిరించుట, మెట్లవద్ద పొత్తికడుపు క్రింద తువ్వాలు వేసి వెనుక భాగమును ఎత్తిపట్టుట, ఇవి ఎవరైనను చేయదగినవి. బొత్తిగా కదలనీయకున్నచో కండరములు క్షీణించి కీలునకు ఊత పోవును. ఒక్కమారే దూరము నడపినచో నొప్పి హెచ్చును. అందుచేత రోజుకు రెండు మూడు మార్లు, మెత్తని నేలపై, దాని అడుగుతో మన అడుగు కలిపి కొంచెము దూరము నడిపింపవలెను.

మనుష్యులకే వైద్యము దొరకని చోట కుక్కకు సేవయా యని ఒక ఆక్షేపణ కలదు. ఇది తోసివేయదగినది కాదు. అయితే పైన చెప్పిన పనులలో పెక్కింటికి కావలసినది ధనము కాదు, దినమునకు ఒక గంట ఓపిక. ఆ ఓపిక అలవడినవాడు మంచము పట్టిన తల్లిదండ్రుల చెంతకు వచ్చునప్పటికి దానిని పోగొట్టుకొనడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై నేటికిని నిలిచియున్న అశోకుని రెండవ శాసనమున మనుష్యులకు చికిత్స, పశువులకు చికిత్స ఒక్కచోటనే పేర్కొనబడినవి. ఒకటి చేసినచో రెండవది కొరవడునని ఆ శాసనకర్త తలంపలేదు.

"అది దాని పూర్వకర్మ" యని మరియొకరందురు. దాని కర్మ యేదో మనకు తెలియదు. మన వాకిట అది కుంటుచున్నదని మాత్రము తెలియును. తెలియనిదానిని సాకుగా చూపి తెలిసినదానిని విడుచుట వివేకము కాదు.

ఇక మిగిలినది కఠినతరమైన ప్రశ్న. ఏ మందునకును బాధ లొంగని దశలో, వైద్యుని సాయముతో దానికి నొప్పిలేని మరణము కల్పింపవచ్చునా? దీనికి అందరికి వర్తించు ఒక్క సమాధానము చెప్పుట సాధ్యము కాదు. కాని తీర్మానము చేయువాడు ముందుగా తన్ను తాను అడుగవలసినది ఒకటి కలదు: "నేను తొలగింపగోరునది దాని బాధనా, నా శ్రమనా?" వైద్యుడు దీనికి బదులు చెప్పలేడు, బంధువులును చెప్పలేరు. పది పండ్రెండేండ్లు మన గడపను నమ్మి పడుకొన్న ప్రాణి ఎదుట కూర్చుండి, మనకు మనమే నిజము చెప్పుకొనవలెను.