అణువు పగిలితే ఫలం ఎవరికి?

 

1974 మే 18న రాజస్థాన్‌లోని పోఖ్రాన్ ఎడారిలో మన దేశం మొదటి అణు పరీక్ష చేసింది. దానికి నిలిచిపోయిన పేరు 'స్మైలింగ్ బుద్ధ', అంటే నవ్వుతున్న బుద్ధుడు. మళ్లీ అక్కడే 1998 మే 11న పేల్చారు. ఆ రోజు వైశాఖ పున్నమి, మనం బుద్ధ జయంతి జరుపుకునే రోజు. బాంబు సంగతి ఇంతకన్నా రాయను. ఊళ్లకు ఊళ్లను బూడిద చేసేదానికి కరుణామూర్తి పేరు పెట్టడం ఏమిటో మీకు విడమర్చి చెప్పక్కర్లేదు.

కష్టమైన ప్రశ్న వేరే ఉంది. అదే అణువుతో కరెంటు కూడా తీస్తున్నారు గదా, అది ధమ్మానికి ఒప్పుతుందా? కొందరు వెంటనే 'అది పాపం' అంటారు. ఇంకొందరు 'సైన్సును కాదనేవాడు బౌద్ధుడేంది' అంటారు. ఇద్దరూ తొందరపడుతున్నారు. ఒక వస్తువు శుభమా అశుభమా అని చూసేది పంచాంగం. ధమ్మం చూసేది కారణాన్ని, దాని ఫలాన్ని. కాబట్టి ముందు ఆ కారణమేంటో చూద్దాం.

గనిలో దొరికే యురేనియంలో వెయ్యి పాళ్లకు ఏడు పాళ్లే యురేనియం-235 అనే రకం. దాని కేంద్రకంలోకి ఒక న్యూట్రాన్ దూరితే అది రెండు ముక్కలవుతుంది. దీన్నే కేంద్రక విచ్ఛిత్తి అంటారు. వేడి పుడుతుంది, రెండో మూడో కొత్త న్యూట్రాన్లు బయటపడతాయి. అవి పోయి పక్క కేంద్రకాలను తాకితే అవీ పగులుతాయి. ఇది గొలుసు చర్య. ఆ గొలుసు రెప్పపాటులో పెరిగిపోయేలా కట్టింది బాంబు. ఒక విచ్ఛిత్తి వెనక ఒక్కటే విచ్ఛిత్తి జరిగేలా నిలబెట్టింది రియాక్టర్. ఎక్కువైన న్యూట్రాన్లను మింగడానికి బోరాన్, కాడ్మియం వంటివి కలిసిన కడ్డీలు ఉంటాయి. మన దేశపు రియాక్టర్లలో చాలావాటిలో న్యూట్రాన్ల వేగం తగ్గించడానికి భారజలం వాడతారు. ఇక మిగిలిందంతా రామగుండంలో జరిగేదే. వేడితో నీళ్లు ఆవిరవుతాయి, ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది, జనరేటర్ కరెంటు ఇస్తుంది. తేడా పొయ్యిలోనే ఉంది. ఒక కిలో యురేనియం-235 పూర్తిగా పగిలితే 2,500 టన్నులకు పైగా మంచి బొగ్గు కాల్చినంత వేడి వస్తుంది. పొగ రాదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. 1938 డిసెంబర్‌లో బెర్లిన్‌లో ఈ ప్రయోగం చేసింది ఒట్టో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్. జరిగింది కేంద్రకం చీలడమేనని లెక్కకట్టి చెప్పింది లీజె మైట్నర్, ఆమె అక్క కొడుకు ఒట్టో ఫ్రిష్. మైట్నర్ యూదు కుటుంబంలో పుట్టింది కాబట్టి అప్పటికే జర్మనీ వదిలి పారిపోవలసి వచ్చింది. 1944 నోబెల్ బహుమతి మాత్రం హాన్ ఒక్కడికే ఇచ్చారు. పుట్టుకను చూసి తరమడం, చేసిన పనికి పేరు ఇంకొకరికి పోవడం మనకు కొత్త కథ కాదు.

కడ్డీలు దించితే గొలుసు ఆగుతుంది. అయితే అప్పటికే పగిలిన ముక్కలు ఊరుకోవు. రేడియేషన్ విడుస్తూ వేడి పుట్టిస్తూనే ఉంటాయి. ఆపిన మరుక్షణంలో కూడా ఆరేడు శాతం వేడి మిగిలే ఉంటుంది. 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లు వాటంతట అవే ఆగాయి. తర్వాత సునామీ వచ్చి, చల్లబరిచే పంపులకు కరెంటు లేకుండా చేసింది. ఆ మిగిలిన వేడికే ఇంధనం కరిగిపోయింది. వాడేసిన ఇంధనంలో ఉండే ప్లుటోనియం-239 సగానికి తగ్గడానికి సుమారు 24,000 ఏళ్లు పడుతుంది. తథాగతుని కాలం నుంచి మనదాకా గడిచింది దాదాపు 2,500 ఏళ్లే.

ఇప్పుడు ఆలోచించండి. మీ తాతలకు ఏం చెప్పారు? వెలివాడలో పుట్టావంటే పోయిన జన్మలో చేసిన పాపం అన్నారు. ఆత్మే లేనప్పుడు పాపాన్ని మూటగట్టుకొని ఇంకో ఒంట్లోకి దూరేది ఎవరు? బాబాసాహెబ్ తన చివరి గ్రంథంలో ఆ కర్మ సిద్ధాంతాన్ని తోసిపుచ్చారు. కర్మకు ఫలం ఉంటుంది, కానీ అది పడేది మనుషులందరూ కలిసి బతికే ఈ లోకం మీద. చేసినోడు ఒకడు, మోసేవాడు ఇంకొకడు కావచ్చు. అణు వ్యర్థం దీనికి కళ్లముందున్న రుజువు. ఇవాళ బల్బు వెలిగించుకున్నవాడు పోతాడు. ఇంకా పుట్టనివాడు ఆ వ్యర్థానికి కాపలా కాస్తాడు. వాడిది ఏ జన్మ పాపం?

దూరం పోనక్కర్లేదు. తెలుగు నేల మీద ఒక్క అణు విద్యుత్ కేంద్రమూ నడవడం లేదు. కానీ యురేనియం కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వుతారు. భారజలం మణుగూరులో తయారవుతుంది. ఇంధన కడ్డీలు హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో చేస్తారు. తుమ్మలపల్లె పక్క ఊళ్ల రైతులు బోరునీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు ఎండాయని మొత్తుకున్నారు. యురేనియం కార్పొరేషన్ ఒప్పుకోలేదు.

మన ఇబ్రహీంపట్నం మీదుగా పోయే సాగర్ రోడ్డు పట్టుకుంటే నాగార్జునసాగర్ వస్తుంది. ఆ జలాశయం దగ్గరే లంబాపూర్, పెద్దగట్టు ఉన్నాయి. 2003లో అక్కడ యురేనియం తవ్వుతామని వస్తే తండాల జనం ఎదురు నిలిచారు. గని రాలేదు. వాళ్లు కాపాడింది వాళ్ల నీళ్లనే కాదు. మన పక్కనున్న గున్‌గల్ మీదుగా హైదరాబాద్‌కు పోయే కృష్ణా తాగునీళ్లు ఆ సాగర్‌వే. పట్నపోళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

అట్లని కరెంటే వద్దనడం మన దారి కాదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు దేశ విద్యుత్ విధానానికి పునాది వేసినవాళ్లలో బాబాసాహెబ్ ముఖ్యులు. చౌకగా, సమృద్ధిగా కరెంటు లేకుండా పరిశ్రమలు రావని, పరిశ్రమలు లేకుండా పేదరికం పోదని ఆయన వాదన. పైగా బొగ్గు బూడిద పడేది కూడా పేదవాళ్ల గుడిసెల మీదే. కాబట్టి రియాక్టర్‌ను కట్టాలా వద్దా అనేదానికి నేను ఒక్కమాటలో జవాబు ఇవ్వను. వెలుగు ఒకరికి, వ్యర్థం ఇంకొకరికి అని పంచే పద్ధతిని మాత్రం ఒప్పుకోను. అది పాత మనువు లెక్కే.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు రియాక్టర్ల ప్రతిపాదన ఉంది, అక్కడివాళ్లు ఎక్కువగా మత్స్యకారులు. రేపు ఎక్కడ ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినా మీరు పోండి. 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ప్రాజెక్టు సారాంశం స్థానిక భాషలో ఉండాలి. ఆ తెలుగు కాగితం చేతిలో పట్టుకొని అడగండి: బావినీళ్లు ఎవరు పరీక్షిస్తారు, ఆ ఫలితం ఊరోళ్లకు ఎప్పుడు చూపిస్తారు, వాడిన ఇంధనం ఎక్కడ పెడతారు, ఎన్నేళ్లు. చెప్పిన జవాబు మినిట్స్‌లో రాసేదాకా కూర్చోండి.