పోవుట, విడుచుట

మన యిండ్లలో గడప దాటువాడు “పోయెదను” అనడు; “పోయివచ్చెదను” అనును. పిల్లవాడు పొరపాటున “పోతాను” అన్నచో ఇంటిలోని ముసలమ్మ వానిని వెనుకకు పిలిచి, “పోయివస్తాననవలెనురా” అని దిద్దును. ఏలయన, పోవుట యను క్రియ మన భాషలో మరణమునకును చెల్లుచున్నది. “ఆయన పోయినారు” అన్నచో ఎక్కడికని యెవ్వరును అడుగరు. అందుచేత సెలవు తీసికొను మాటలోనే తిరిగివచ్చుటను చేర్చి చెప్పు ఆచారము మనకు ఏర్పడినది. దీనిని ఉత్త మూఢవిశ్వాసమని త్రోసివేయరాదు. పోవువాడు ఉండువారికి ఇచ్చిపోవు వాగ్దానమది.

అయితే ఈ క్రియ స్త్రీపురుషులకు ఒకే విధముగా చెల్లుచున్నదా? ఆలుబిడ్డలను వీడి యొకడు వెడలిపోయినచో “దేశములు పట్టిపోయినాడు” అందురు. కాషాయము కట్టినచో “సన్న్యాసులలో కలసినాడు” అందురు. ఆ మాటలో కొంత గౌరవము కూడ వినబడును. భార్య వెడలిపోయినచో “లేచిపోయినది” అందురు. ఆమె ఒంటరిగా పోయినను, పుట్టింటికే పోయినను, ప్రాణభయముచేత పోయినను ఆ మాట యామెను విడువదు. ఇంకొక వింత గలదు. భర్త భార్యను వదలివేసినచో, చేసినది అతడే యైనను, పేరు మాత్రము ఆమెకు వచ్చుచున్నది. “మగడు వదలిన ఆడుది” అని ఊరు ఆమెనే చూపును. “భార్యను వదలిన మగవాడు” అని అతనిని చూపు వ్రేలు అరుదు. మనము విచారణ చేయకమునుపే మన వాడుక తీర్పు చెప్పివేయుచున్నది.

న్యాయశాస్త్రము ఈ మాటలనే తీసికొని మఱియొక త్రాసులో తూచినది. “కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానము” అను సామెత మనకు గలదు. చట్టము అంత తొందరపడదు. ఒకని వార్త సహజముగా విని యుండవలసినవారికి ఏడు సంవత్సరములు వినబడకున్నచో, అతడు బ్రదికియున్నాడని చెప్పువారే దానిని ఋజువు చేయవలెను. 1872 నాటి సాక్ష్యచట్టములోని ఈ నియమము, 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమములోను నిలిచియున్నది. లోకమును త్యజించి సన్న్యాసియైనవాని భార్యకు హిందూ వివాహచట్టము విడాకులు కోరు హక్కు నిచ్చినది. అతని త్యాగము గొప్పదా కాదా యని చట్టము అడుగదు; విడువబడినవారి గతి యేమని మాత్రమే అడుగును.

అన్నిటికంటె గహనమైనది పరిత్యాగము. 1955 నాటి వివాహచట్టములో ఇది వేఱుకాపురమునకు మాత్రమే కారణము. 1976 నాటి సవరణతో, రెండేండ్లకు తక్కువ కానిచో, విడాకులకును కారణమైనది. ఇల్లు విడిచినంతమాత్రమున పరిత్యాగము కాదని న్యాయస్థానములు చెప్పుచు వచ్చినవి. విడివడుట ఒకటి, కాపురమును శాశ్వతముగా ముగింపవలెనను సంకల్పము రెండవది, రెండును కలసియుండవలెను. పైగా సహేతుకమైన కారణము లేకుండుటయు, రెండవవారి సమ్మతి లేకుండుటయు కావలెను. 1956లో సుప్రీంకోర్టు నిర్ణయించిన యొక వ్యాజ్యమున, భార్య తన్ను విడిచిపోయినదని భర్త వాదించెను. ఆమె బొంబాయి విడిచి పుట్టింటికి పోయిన మాట నిజము. కాని ఆమెను పంపవద్దని భర్తయే మామగారికి తంతి యిచ్చియుండెను. తలుపు తానే మూసి, లోపలికి రాలేదని ఫిర్యాదు చేయువాని మాట న్యాయస్థానమున నిలువలేదు.

ఇందుండి తేలు సూత్రము మన గృహస్థులందఱును మననము చేయదగినది: ఒక చోటు విడుచుట వేఱు, ఒక ధర్మమును విడుచుట వేఱు. కొట్టి, తిట్టి, కూడు పెట్టక, భార్య ఇంట నిలువలేని స్థితి కల్పించిన భర్త తన గడప దాటకయే ఆమెను పరిత్యజించినవాడగును. గడప దాటిన యామె పరిత్యజింపబడినదే కాని, పరిత్యజించినది కాదు. పాదములు ఎవరివి కదలినవో చూచుట సులభము. మనస్సు ఎవరిది ముందు కదలినదో చూచుట కష్టము. లోకము సులభమైనదానిని చూచి పేరు పెట్టును. చట్టము కష్టమైనదానిని చూడ యత్నించును.

చట్టము ఎల్లప్పుడును సరిగా చూచెనని నేననను. రఖ్మాబాయి కథ చూడుడు. పదునొకండవ యేట పెండ్లియై, భర్తయింటికి కాపురమునకే పోని ఆమెపై, కాపురమునకు రావలెనని అతడు 1884లో బొంబాయిలో వ్యాజ్యము వేసెను. ఎన్నడును ఆరంభము కాని కాపురమును పునరుద్ధరించుట యెట్లని 1885లో న్యాయమూర్తి పిన్హే దానిని కొట్టివేసెను. ఆ తీర్పు పైవిచారణలో నిలువలేదు. భర్తయింటికి పొమ్ము, లేదా ఆరునెలలు చెఱసాలకు పొమ్మని 1887లో ఆజ్ఞ వచ్చెను. ఆమె చెఱసాలకే పోయెదననెను. 1888లో రాజీ కుదిరినది. ఆమె లండనునకు పోయి వైద్యము చదివి, తిరిగివచ్చి స్త్రీలకు చికిత్స చేసెను. ఎన్నడును పోని యింటికి “తిరిగి” రమ్మనుట! ఆ ఒక్క మాటలో ఎంత అసత్యమున్నదో గమనింపుడు.

ఆమె కన్నుమూసిన 1955వ సంవత్సరముననే వచ్చిన హిందూ వివాహచట్టము ఈ పునరుద్ధరణాజ్ఞను తొమ్మిదవ పరిచ్ఛేదమున నిలిపియుంచినది. 1983లో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తి పి. ఏ. చౌదరిగారు ఇది మానవుని అంతరంగ స్వాతంత్ర్యమునకు విరుద్ధమని కొట్టివేసిరి. మరుసటి యేడే సుప్రీంకోర్టు వేఱొక వ్యాజ్యమున దానిని రాజ్యాంగసమ్మతమని నిలిపినది. శరీరమును రప్పింపగల ఆజ్ఞ ఉండవచ్చును; మనస్సును రప్పింపగల ఆజ్ఞ ఏ న్యాయస్థానమునను లేదు.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. “నన్ను వెడలగొట్టినారు” అని ప్రతివారును అనవచ్చును గదా. బాధ్యత తప్పించుకొనువానికిది మంచి మఱుగు కాదా? నిజమే. “పోయివచ్చెదను” అని పలికి, రాకూడదని మనస్సులో నిశ్చయించుకొన్నవాడు ఆడిన మాట అసత్యము. తన విసుగునకు ఎదుటివారి క్రూరత్వమని పేరు పెట్టుకొనువారును లేకపోలేదు. కావుననే సంకల్పమును ఒకని నోటిమాటతో గాక, నడతతో తేల్చవలెనని న్యాయశాస్త్రము విధించినది: ఉత్తరములు వ్రాసెనా, పిల్లల క్షేమము అడిగెనా, పిలిచినప్పుడు వచ్చెనా, వచ్చినప్పుడు రానిచ్చిరా? ఈ ప్రశ్నలు స్త్రీకిని పురుషునకును సమానములు. ఈ పరీక్ష న్యాయమూర్తికి మాత్రమే కాదు, ప్రక్కయింటివారికిని, బంధువులకును తగినదే. “ఎందుకు పోయినది?” అని అడుగుటకు ముందు “పోకమునుపు ఆ యింట నేమి జరిగినది?” అని అడుగుట నేర్చిన నాడు మన నాలుకకు కొంత ధర్మము అబ్బినట్లగును.

మన ఆడుబిడ్డల దుఃఖమునకు మూలము ఇంకను లోతున నున్నది. అప్పగింతలనాడు “ఇక ఆ యిల్లే నీ యిల్లు” అని కంటనీరు పెట్టి పంపుదుము. అక్కడ “మా యిల్లు విడిచి పొమ్ము” అను మాట వచ్చిన నాడు ఆమెకు ఏ యిల్లును లేదు. వివాహగృహమున నివసించు హక్కును 2005 నాటి గృహహింస నిరోధక చట్టము స్త్రీకి ఇచ్చినది, మేలు. అయినను అర్ధరాత్రి వేళ ఆమె తట్టునది న్యాయస్థానపు తలుపు కాదు, తండ్రి యింటి తలుపు. ఆ తలుపు తెరచి, “నలుగురేమందురో” యని తల్లిదండ్రులు సణుగుకొన్నచో, ఏ చట్టమును ఆమె వెంట లోనికి రాజాలదు.

వ్యాపారమునకు పోవు కుమారుని “క్షేమముగా పోయి లాభముగా రమ్ము” అని దీవింతుము. అత్తవారింటికి పోవు కుమార్తెతో “పోయిరా” అని యనుటకు మాత్రము జంకుదుము. రావలసివచ్చునేమో యని భయము. ఆ జంకు మానుదము. “పోయిరా తల్లీ, ఎప్పుడు రావలసివచ్చినను ఈ యిల్లు నీదే” అని ఆనాడే చెప్పి పంపుదము. తిరిగివచ్చుటకు దారి గలదని తెలిసిన బిడ్డ భయపడి కాక, ఇష్టపడి అక్కడ నిలుచును. భయముచేత నిలిచినదానిని కాపురమని పిలుచుట, మనము మాటలకు చేయు అన్యాయములలో మఱియొకటి.