మన కోసం చేసే సేవ కూడా సేవేనా?



ఈ వారం ఒక ప్రశ్న గురించి కలిసి ఆలోచిద్దాం. ఒక మనిషి ఇంకొకరికి సాయం చేస్తున్నాడు. ఎందుకయ్యా చేస్తున్నావు అని అడిగితే, "నన్ను నేను కాపాడుకోవడానికి" అన్నాడనుకోండి. అది సేవా? స్వార్థమా? సేవలో స్వార్థం ఉండకూడదని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. కానీ ప్రపంచంలో లక్షలాది మందిని త్రాగుడు నుంచి బయటికి తెచ్చిన ఒక సహవాసం సరిగ్గా ఇలాంటి స్వార్థంతోనే మొదలైంది. ఆ సంగతి చెప్పే ముందు త్రాగుడు గురించి ఒక మాట.

*నిషేధం ఎంతవరకు?*

నేను గల్ఫులో కూలి పని చేసిన రోజుల్లో కళ్ళారా చూశాను. మందు అమ్మకమే లేని దేశంలో కూడా క్యాంపు గదుల్లో దొంగచాటుగా కాచుకుని తాగేవాళ్ళు ఉండేవారు. దొరికితే జైలు, తర్వాత ఇంటికి పంపించేయడం. అది వాళ్ళకు బాగా తెలుసు. ఊళ్ళో అప్పు, పెళ్ళికెదిగిన చెల్లెలు, అన్నీ గుర్తున్నాయి. అయినా తాగేవాళ్ళు.

మన దగ్గర 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడపడుచులు సారా మీద తిరగబడ్డారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. ఆ తల్లులు చేసింది చాలా గొప్ప పని. దుకాణం మూయించడం మంచిదే. కానీ దుకాణానికి తాళం వేసినంత మాత్రాన తాగేవాడి లోపలున్న దాహానికి తాళం పడదు. దానికి ఇంకో పని కావాలి.

*ఉపదేశం చేస్తే ఒక్కడూ మానలేదు*

బిల్ విల్సన్ న్యూయార్క్‌లో షేర్ల వ్యాపారంలో ఉండేవాడు. తాగుడుతో పని పోయింది, పేరు పోయింది. భార్య లోయిస్ ఒక పెద్ద దుకాణంలో పని చేసి ఇల్లు గడిపేది. 1934 నవంబరులో ఒకప్పుడు తనతో కలిసి తాగిన స్నేహితుడు ఎబీ థాచర్ ఇంటికి వచ్చాడు. బిల్ గ్లాసు ముందు పెడితే వద్దన్నాడు. దేవుని సహాయంతో మానేశానని, తనకు జరిగింది జరిగినట్టు చెప్పి వెళ్ళాడు. మరుసటి నెలలో బిల్ టౌన్స్ ఆసుపత్రిలో చేరాడు. అక్కడ దేవునికి మొరపెట్టుకున్నాడు. తర్వాత 1971లో చనిపోయేదాకా మళ్ళీ మందు ముట్టలేదు.

బయటికి వచ్చాక ఆవేశంగా తాగుబోతుల వెంట పడ్డాడు. తనకు కలిగిన దర్శనం గురించి వాళ్ళకు బోధించాడు. ఐదు నెలలు తిరిగాడు. ఒక్కడు కూడా నిలబడలేదు. లోయిస్‌తో చెప్పుకుంటే ఆవిడ ఒక మాట గుర్తుచేసింది: వాళ్ళు మానకపోయినా నువ్వు మానావు కదా! వైద్యం చేసిన డాక్టర్ సిల్క్‌వర్త్ ఇంకో సలహా ఇచ్చాడు. ఉపదేశం తగ్గించు, ముందు ఈ జబ్బు ఎంత భయంకరమో, అది నిన్ను ఏం చేసిందో చెప్పు అని.

ఈ రెండు మాటలు బిల్‌కు యాక్రన్‌లో అక్కరకు వచ్చాయి.

*యాక్రన్‌లో ఫోన్*

యాక్రన్ అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉంది. టైర్ల ఫ్యాక్టరీలకు పేరున్న ఊరు. 1935 మే నెలలో బిల్ ఒక కంపెనీ వ్యవహారం మీద అక్కడికి వెళ్ళాడు. పని బెడిసికొట్టింది. జేబులో డబ్బు లేదు, ఊళ్ళో తెలిసినవాళ్ళు లేరు. శనివారం సాయంత్రం మేఫ్లవర్ హోటల్లో ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఒక పక్క బార్, లోపలి నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఇంకో పక్క టెలిఫోను, దాని దగ్గర ఊళ్ళోని చర్చిల పేర్ల పట్టిక.

పరదేశంలో శుక్రవారం సాయంత్రం చేతిలో పని లేక, పలకరించే మనిషి లేక నిలబడిన మన గల్ఫ్ అన్నదమ్ములకు ఈ చోటు గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. అమెరికాలో ఒంటరి గదిలో ఉన్న మన పిల్లలకూ చెప్పక్కర్లేదు.

బిల్‌కు భయం వేసింది. ఈ రాత్రి తాగకుండా ఉండాలంటే ఇంకో తాగుబోతుతో మాట్లాడాలి అనిపించింది. పట్టికలో ఉన్న పాస్టరుగారికి ఫోన్ చేశాడు. ఆయన పేరు వాల్టర్ టంక్స్. ఆయన ఇచ్చిన పేర్లు పట్టుకుని ఒక్కొక్కరికే ఫోన్ చేస్తూ పోతే చివరికి హెన్రియెట్టా సైబర్లింగ్ అనే భక్తిపరురాలు దొరికింది. ఆవిడకు అలాంటి మనిషి ఒకాయన తెలుసు. ఆయన డాక్టర్ బాబ్ స్మిత్, సర్జన్. అప్పటికి రెండేళ్ళకు పైగా ప్రార్థన కూటాలకు వెళ్తున్నాడు, లేఖనాలు చదువుతున్నాడు, రాత్రయితే తాగుతున్నాడు.

మరునాడు మే 12, ఆదివారం, మాతృదినోత్సవం. డాక్టరు బలవంతం మీద వచ్చాడు, పదిహేను నిమిషాలకు మించి కూర్చోనన్నాడు. సాయంత్రం ఐదింటికి మొదలైన మాటలు రాత్రి పదకొండు దాటేదాకా సాగాయి.

ఏం జరిగింది అక్కడ? బిల్ ఉపదేశం చేయలేదు. తన కథ చెప్పాడు. నీకు మేలు చేయడానికి రాలేదు, నాకే నువ్వు అవసరం అన్న మనసుతో కూర్చున్నాడు. డాక్టర్ బాబ్‌తో అప్పటిదాకా మాట్లాడినవాళ్ళంతా ఒడ్డున నిలబడి మాట్లాడినవాళ్ళే. తనలాగే మునిగి తేలినవాడు మాట్లాడటం ఆయన వినడం అదే మొదటిసారి. దేవుని గురించి తనకు అంతా తెలిసినా తన దగ్గర లేనిదీ, బిల్ దగ్గర ఉన్నదీ సేవ చేయాలన్న తలంపేనని ఆయనే తర్వాత చెప్పాడు.

మధ్యలో ఒకసారి బాబ్ మళ్ళీ పడిపోయాడు. డాక్టర్ల సభకు వెళ్ళి బాగా తాగి వచ్చాడు. 1935 జూన్ 10న ఆఖరి సారి తాగాడు. అల్కహాలిక్స్ అనానిమస్, అంటే పేరు చెప్పుకోని తాగుబోతుల సహవాసం, ఆ తేదీనే తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకుంటుంది. ఆ రోజు ఆయన ఒక ఆపరేషన్ చేయాల్సి ఉంది. చేసి ఇంటికి వెంటనే రాలేదు. ఇంట్లోవాళ్ళు మళ్ళీ తాగడానికి వెళ్ళాడేమో అని హడలిపోయారు. ఆయన మాత్రం తాను బాకీపడ్డవాళ్ళ దగ్గరికి, తన వల్ల నష్టపోయినవాళ్ళ దగ్గరికి తిరుగుతున్నాడు. తన సంగతి దాచకుండా చెప్పి సరిదిద్దుకోవడానికి. పరువు పోతుందని అంతకుముందు ఆయన దేనికి భయపడ్డాడో, సరిగ్గా ఆ పనే చేశాడు.

ఆ నెలలోనే ఇద్దరూ సిటీ ఆసుపత్రికి వెళ్ళి బిల్ డాట్సన్ అనే లాయరు మంచం పక్కన కూర్చున్నారు. ఆయన అప్పటికే దైవభక్తి ఉన్నవాడు, ఎన్నోసార్లు ఆసుపత్రి పాలైనవాడు. ఇద్దరూ తమ కథలు చెప్పారు. ఆయన మూడోవాడయ్యాడు.

*పన్నెండు మెట్లు అంటే*

1939లో వాళ్ళ పుస్తకం వచ్చింది, అందులో పన్నెండు మెట్లు రాశారు. నా మాటల్లో చెప్తాను. మొదట, మందు ముందు నా బలం చాలదని ఒప్పుకోవడం. తర్వాత, నాకంటే గొప్ప శక్తి నన్ను బాగుచేయగలదని నమ్మి, దేవుణ్ణి తాను ఎలా ఎరిగితే అలా ఆయనకు అప్పగించుకోవడం. నా తప్పుల లెక్క రాసుకోవడం. ఆ లెక్కను దేవుని ముందూ, ఇంకో మనిషి ముందూ నోరు తెరిచి చెప్పడం. నా వల్ల గాయపడినవాళ్ళ జాబితా రాసి, వెళ్ళి సరిదిద్దుకోవడం. అలా వెళ్తే వాళ్ళకు ఇంకా గాయమవుతుందంటే ఆగడం. రోజూ ఇలా తనను తాను పరీక్షించుకోవడం, ప్రార్థించడం. చివరగా, ఇంకా బాధపడుతున్న తాగుబోతు దగ్గరికి ఈ కబురు మోసుకెళ్ళడం.

ఒప్పుకోలు ముందు, పరిచర్య తర్వాత. ఈ వరస గమనించండి. ఒప్పుకోలు లేని పరిచర్య గర్వంగా మారుతుంది. ఒప్పుకుని ఊరుకుంటే ఆ ఒప్పుకోలు దుఃఖంగా మిగిలిపోతుంది. యాక్రన్‌లో మొదటి రోజుల్లో వాళ్ళు ఎక్కువగా చదివింది కొండమీద ప్రసంగం, మొదటి కొరింథీ పదమూడో అధ్యాయం, యాకోబు పత్రిక. ఈ వరస ఎక్కడి నుంచి వచ్చిందో బైబిలు చదివేవాళ్ళకు అర్థమవుతుంది.

*ఇప్పుడు మన ప్రశ్న*

బిల్ తన కోసం ఫోన్ చేశాడు. మరి బాబ్ అతనికి ఒక పనిముట్టేనా? నాకు మూడు సంగతులు కనిపిస్తున్నాయి.

మొదటిది, బిల్ తన అవసరాన్ని దాచలేదు. పాడుచేసేది దాచిపెట్టిన స్వార్థం. ఒక బస్తా బియ్యం ఇచ్చి నలుగురు పట్టుకుని ఫోటో దిగి స్టేటస్ పెట్టడం మనం చూస్తూనే ఉన్నాం. అక్కడ ఇచ్చేవాడికి కూడా ఏదో కావాలి, కానీ "నీ కోసమే" అంటాడు. తీసుకునేవాడి తల వంగిపోతుంది. "నాకు నువ్వు కావాలి" అని నిజం చెప్పినవాడి ముందు ఎవరి తలా వంగదు.

రెండోది, ఇలాంటి సేవలో అవతలివాడు మానకపోయినా చేసినవాడి పని వృథా కాదు. అందుకే వాడి మీద కోపం రాదు. "ఇంత చేశాను, నువ్వు ఇలా చేస్తావా" అనే మాట రాదు. ఇంట్లో తాగేవాణ్ణి తిట్టి, బెదిరించి, పిల్లల మీద ఒట్టు వేయించి అలసిపోయిన కుటుంబాలకు ఈ తేడా తెలుసు. ఫలితం దేవునికి వదిలినవాడే ఓపికగా రేపు మళ్ళీ వెళ్ళగలడు.

మూడోది, తీసుకున్నవాడు తీసుకున్నవాడుగానే ఉండిపోలేదు. బాబ్ వెళ్ళి డాట్సన్ మంచం పక్కన కూర్చున్నాడు. 1939 నుంచి సెయింట్ థామస్ ఆసుపత్రిలో సిస్టర్ ఇగ్నేషియా అనే సన్యాసినితో కలిసి సుమారు 5,000 మందికి ఫీజు తీసుకోకుండా వైద్యం చేశాడు. 1950లో చనిపోయాడు.

ఎందుకు ఇంత చేస్తున్నావంటే ఆయన నాలుగు కారణాలు చెప్పాడు: అది నా బాధ్యత, అందులో నాకు సంతోషం ఉంది, నాకు ఇచ్చినవాడి రుణం తీర్చుకుంటున్నాను, చేసిన ప్రతిసారీ నేను మళ్ళీ జారకుండా కొంత భద్రత. చూశారా? హోటల్లో నిలబడిన బిల్‌కు ఒకే ఒక్క కారణంగా ఉన్నది, బాబ్ లెక్కలో నాలుగోదిగా వచ్చింది. స్వార్థం పోలేదు, దాన్ని దాచనూ లేదు. కానీ దాని ముందు ప్రేమ వచ్చి నిలబడింది.

ఏ ఆశా లేని ప్రేమ గొప్పది కాదా అంటారా? గొప్పదే. కానీ అది పై మెట్టు. నా మనసు పూర్తిగా పరిశుద్ధమయ్యాక సేవ చేస్తాను అని కూర్చుంటే ఆ రోజు రాదు. మనసు ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుని సేవకు బయలుదేరితే, దారిలో దేవుడు దాన్ని కడుగుతాడు.

స్వార్థం మళ్ళీ తల ఎత్తకుండా వాళ్ళు కంచె కూడా వేసుకున్నారు. 1938లో కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్ దగ్గర పెద్ద మొత్తం ఆశించారు. ఆయన 5,000 డాలర్లు ఇచ్చి, ఎక్కువ డబ్బు ఈ పనిని పాడుచేస్తుందని హెచ్చరించాడు. ఆ మాట వాళ్ళు పట్టుకున్నారు. బయటివాళ్ళ నుంచి చందా తీసుకోరు. సభ్యత్వానికి ఫీజు లేదు, తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. పత్రికల్లో, సభల్లో పూర్తి పేరు చెప్పుకోరు. సంఘాలు నడిపే మనం ఈ కంచె నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

*మనం ఏం చేద్దాం?*

తాగుడులో ఉన్న తమ్ముడూ, నువ్వు చెడ్డవాడివి కాబట్టి తాగుతున్నావని అనుకోకు. ఇది జబ్బు కూడా. ఏళ్ళ తరబడి తాగినవాళ్ళు ఒక్కసారిగా మానితే ఫిట్స్ లాంటి ప్రమాదం ఉంది, డాక్టరుకు చూపించుకుని మాను. ఈ కూటాలు అమెరికాలో ఊరూరా ఉన్నాయి, మన హైదరాబాదులోనూ జరుగుతున్నాయి. వెళ్ళి వెనక కుర్చీలో కూర్చుని విన్నా చాలు.

ఇంట్లో ఈ బాధ మోస్తున్న అక్కా, నీకూ సహవాసం కావాలి. లోయిస్ 1951లో తాగేవాళ్ళ కుటుంబాల కోసం అల్-అనాన్ అని వేరే సహవాసం మొదలుపెట్టింది. ఆయన మానినా మానకపోయినా నీ మనసు నిలబడటానికి అది.

ప్రసంగించే అన్నలారా, తాగేవాణ్ణి ముందుకు పిలిచి అందరిలో నిలబెట్టకండి. అలా కూర్చోబెట్టి మాట్లాడగలిగినవాడు, తాగి మానినవాడు, మీ సంఘంలోనే ఎవరో ఒకరు ఉంటారు. అతన్ని పంపండి. అతనికీ అది అవసరమే.

ప్రార్థన: తండ్రీ, మా బలహీనతను దాచుకోకుండా చెప్పే ధైర్యం ఇవ్వు. మమ్మల్ని లేపిన చేత్తోనే ఇంకొకరిని లేపడానికి మమ్మల్ని వాడుకో. ఈ రాత్రి ఒంటరిగా నిలబడిన ప్రతి మనిషికీ మాట్లాడటానికి ఒక మనిషిని చూపించు. ఆమేన్.

ఈ సందేశం ఎవరికైనా అవసరమని మీకు అనిపిస్తే గ్రూపులో వాళ్ళ పేరు పెట్టి పంపకండి. విడిగా పంపండి. వీలైతే ముందు ఫోన్ చేసి, ఎలా ఉన్నావు అని అడగండి.