అభ్యంతరం ఎవరికి?

నిజాంసాగర్ కాలవ కింది వర్నిలో ఒక ఆదివారం ప్రార్థనకు వెళ్ళాను. గుమ్మంలోనే ఒకామె నా తలలోని మల్లెపూలు తీసి కిటికీలో పెట్టింది. "తోటి విశ్వాసులకు అభ్యంతరం కదమ్మా, ప్రేమ ఉంటే ఆమాత్రం వదులుకోలేమా?" అంది.

ఆ మాటకు ఆధారం ఉంది. విగ్రహాలకు అర్పించిన మాంసం తినడం తప్పు కాకపోయినా, దానివల్ల బలహీనుడైన సోదరుడు తడబడితే తాను మాంసమే ముట్టనని పౌలు కొరింథీయులకు రాశాడు. కానీ అక్కడ వదులుకున్నది పౌలే. తరువాతి అధ్యాయంలో తన హక్కులన్నీ ఏకరువు పెట్టి, వాటిని వాడుకోలేదని చెప్పుకున్నాడు.

మన సంఘాలు కొన్నింటిలో పూలు, బొట్టు, గాజులు వదలాల్సింది స్త్రీలు. వదలమని బోధించేది ఎక్కువగా పురుషులు. పెట్టుకునే హక్కు మనకుందని మాత్రం ఎవరూ ఒప్పుకోరు. లేని హక్కును త్యాగం చేయడమెలా? అది విధేయత అవుతుంది గాని ప్రేమ కాదు.

ప్రార్థనలో నా పక్కన కూర్చున్నామె భర్త పోయిన మనిషి. పూలు లేని ఆ చాపమీద ఆమెకూ నాకూ తేడా లేదు. ఊళ్ళో ఏ పేరంటంలోనూ ఆమెకు దొరకని చోటు అది. ఆ సంగతి చెప్పి అడిగి ఉంటే, పూలు నేనే తీసి ఇచ్చేదాన్ని.