అతను మీకేమవుతాడు?

జంషెడ్‌పూర్ బిష్టుపూర్‌లో తెలుగువాళ్లు కట్టుకున్న రామాలయం ఉంది. ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం అని దాని పేరు. టాటా ఉక్కు కర్మాగారంలో పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి రైలెక్కిన కుటుంబాలు మూటాముల్లెతో పాటు రాముణ్ణీ తీసుకెళ్లాయి. రాముడు వెళ్లిన చోటికి రామదాసు వెళ్లకుండా ఉంటాడా? నవమి పందిట్లో గోల్కొండ చెరసాల ప్రస్తావన రాకుండా ఉండదు.

ఆ కథ తెలియని తెలుగువాళ్లు తక్కువే. రామదాసుగా పేరుపడ్డ పాల్వంచ తహసీల్దారు కంచెర్ల గోపన్న సర్కారు పన్నుల సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడు. గోల్కొండ సుల్తాను తానీషా ప్రభుత్వం లెక్క అడిగింది. మంత్రులు అక్కన్న మాదన్నలు మేనమామలైనా మేనల్లుణ్ణి చెర తప్పించలేకపోయారు. పన్నెండేళ్లు గడిచాక ఒక అర్ధరాత్రి ఇద్దరు కుర్రాళ్లు తానీషా పడకగదిలో ప్రత్యక్షమై మొహరీల మూటలు గుమ్మరించి, రసీదు పుచ్చుకుని వెళ్లారు. పేర్లు రామోజీ, లక్ష్మోజీ. మీరు గోపన్నకు ఏమవుతారయ్యా అంటే, ఆయన నౌకర్లమన్నారట. హరిదాసులు ఈ ఘట్టాన్ని ఒక్కొక్కరూ ఒక్కోలా సాగదీస్తారు గానీ, ఈ మాట దగ్గర మాత్రం అందరూ ఒక్క క్షణం ఆగుతారు. ఖైదీకి నువ్వేమవుతావంటే దేవుడు తనను తాను నౌకరుగా చెప్పుకున్నాడు!

ఈ కథలో మనం అంతగా పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. లెక్కల ప్రకారం గోపన్న తప్పు చేసినవాడే. సర్కారు సొమ్ము ఖర్చుపెట్టిన మాట వాస్తవం. రామోజీ ఆ సంగతి మీద వాదనకు దిగలేదు. గోపన్న నిర్దోషి అనలేదు, తానీషా దుర్మార్గుడూ అనలేదు. గోపన్న నౌకరునన్నాడు, బాకీ కట్టాడు.

జైలు గేటు దగ్గర ములాఖత్‌కు వెళ్లినవాళ్లను నేటికీ అడిగే మొదటి ప్రశ్న అదే. అతను మీకేమవుతాడు? తండ్రి, కొడుకు, భర్త అంటే పని సులువు. స్నేహితుడు అంటే గుమాస్తా తలెత్తి చూస్తాడు. ఆ ఖైదీ మీద దేశద్రోహం లాంటి పెద్ద ఆరోపణ ఉంటే ఆ చూపు ఇంకాసేపు నిలుస్తుంది. అక్కడ జవాబు చెప్పడం ధర్మమా, తప్పించుకోవడం లౌక్యమా అన్నది పురాణాలూ సువార్తలూ కూడా వదలకుండా పట్టుకున్న ప్రశ్న.

జంషెడ్‌పూర్‌కు ఈ ప్రశ్న 2020లో ఎదురైంది. ఆ ఏడాది అక్టోబరు 8న రాంచీ దగ్గరి నామ్‌కుమ్‌లో బగైచా అనే ఆశ్రమం నుంచి ఎన్‌ఐఏ దర్యాప్తు సంస్థ ఒక ముసలి ఫాదరీని తీసుకెళ్లింది. స్టాన్ స్వామి. ఎనభై మూడేళ్లు, పార్కిన్సన్స్ జబ్బు, వినికిడి కూడా తక్కువే. పుట్టింది తమిళనాడు తిరుచ్చి ప్రాంతంలో, 1937లో. బతికింది సింగ్‌భూమ్‌లో, రాంచీలో, ఆదివాసుల మధ్య. జెసూట్ సంఘంలో ఆయన జంషెడ్‌పూర్ ప్రావిన్సుకు చెందినవాడు. లొయోలా స్కూలూ, ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ కాలేజీ నడిపే జెసూట్ కుటుంబం ఆయనది. ఝార్ఖండ్ జైళ్లలో విచారణ లేకుండా మగ్గుతున్న ఆదివాసీ యువకుల తరపున హైకోర్టుకు వెళ్లినవాడు చివరికి తనే విచారణ ఖైదీ అయ్యాడు. భీమా కోరేగావ్ కేసు, ఉపా చట్టం, తలోజా జైలు.

చేతులు వణికే మనిషి గ్లాసుతో నీళ్లు తాగలేడు. స్ట్రా, సిప్పర్ ఇప్పించమని నవంబరు 6న దరఖాస్తు పెట్టుకున్నాడు. జవాబుకు దర్యాప్తు సంస్థ ఇరవై రోజుల గడువు అడిగింది. ఇరవై రోజుల తర్వాత, అవి మేం స్వాధీనం చేసుకోలేదు అని చెప్పింది. గోల్కొండ ఖిల్లాలో రామదాసు చెర చూపించి కన్నీళ్లు పెట్టుకునే మనం ఈ ఇరవై రోజుల్ని ఎక్కడ పెట్టాలో ఆలోచించాలి.

2021 మే 21న ఆయన వీడియోలో బొంబాయి హైకోర్టు ముందుకొచ్చాడు. ప్రభుత్వాసుపత్రికి పంపుతామంటే వద్దన్నాడు. మధ్యంతర బెయిలు ఇస్తే నావాళ్ల దగ్గర ఉంటానని మాత్రం అడిగాడు. పెళ్లీ పిల్లలూ లేని మనిషికి నావాళ్లు ఎవరు? చట్టానికి ఆ మాట అర్థం కావాలంటే రక్తం కావాలి, కాకపోతే పెళ్లి కావాలి. తర్వాత ఆయన్ను బాంద్రాలోని హోలీ ఫ్యామిలీ ఆసుపత్రికి మార్చారు. జులై 5న బెయిలు పిటిషన్ విచారణకు వచ్చిన పూటే, ఆయన చనిపోయాడని ఆసుపత్రి డాక్టరు కోర్టుకు చెప్పాడు. చితాభస్మం జంషెడ్‌పూర్‌కూ రాంచీకీ చేరింది.

ఆయన మావోయిస్టుల మనిషి అని దర్యాప్తు సంస్థ ఆరోపణ. కాదని ఆయన మాట. ఆయన కంప్యూటర్‌లోకి దస్త్రాలను బయటినుంచి చొప్పించారని ఒక అమెరికన్ ఫోరెన్సిక్ సంస్థ 2022 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. వీటిలో ఏది నిలుస్తుందో తేల్చాల్సిన విచారణ ఆయన బతికుండగా మొదలు కానేలేదు.

క్రైస్తవుడి మరణం గురించి మాట్లాడుతున్నాం కాబట్టి పేతురును తలుచుకోక తప్పదు. యేసును పట్టుకెళ్లిన రాత్రి పేతురు ప్రధాన యాజకుడి వాకిట్లో చలి కాచుకుంటున్నాడు. నువ్వూ ఆయనతో ఉన్నవాడివే కదా అని అడిగింది సైనికుడు కాదు, అధికారి కాదు, ఒక పనిపిల్ల. ఆ మనిషెవరో నాకు తెలియదన్నాడు. మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ అదే అన్నాడు. కోడి కూసింది. నలుగురు సువార్తికులూ ఈ ఘట్టాన్ని దాచకుండా రాశారు. తమ మొదటి పెద్దమనిషి పరువు పోతుందని తెలిసీ రాశారు. మత్తయి సువార్త ఇరవై ఐదో అధ్యాయంలో దీనికి మరో కొస ఉంది. అక్కడ తీర్పు రోజున అడిగే లెక్కల్లో, చెరసాలలో ఉన్నవాణ్ణి చూడ్డానికి వెళ్లావా లేదా అన్నది ఒకటి. ఆ ఖైదీ నిర్దోషి అయితేనే వెళ్లు అన్న షరతు ఆ అధ్యాయంలో లేదు.

విచారణ లేని చెర సింగ్‌భూమ్‌కు కొత్త సంగతేమీ కాదు. జంషెడ్‌పూర్ పక్కనే, యురేనియం గనుల జాదూగూడ ప్రాంతంలో, 1970 వేసవిలో మేరీ టైలర్ అనే ఇంగ్లండు ఉపాధ్యాయురాలిని పోలీసులు అరెస్టు చేశారు. అంతకు కొద్ది వారాల ముందే ఆమె అమలేందు సేన్ అనే బెంగాలీ యువకుణ్ణి పెళ్లాడింది. నక్సలైట్లన్న ఆరోపణతో ఆ దంపతులతో పాటు పదుల మందిని పట్టుకున్నారు. హజారీబాగ్ సెంట్రల్ జైలు, తర్వాత జంషెడ్‌పూర్ జైలు, మొత్తం ఐదేళ్లు. విచారణ లేదు. 1975 జులైలో ఆమె మీద కేసు ఎత్తేసి లండన్ విమానం ఎక్కించారు. భర్త జైల్లోనే ఉండిపోయాడు.

తేదీలు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి. అత్యవసర పరిస్థితి వచ్చింది 1975 జూన్ 25న. అంటే మేరీ టైలర్‌ను ఐదేళ్లు విచారణ లేకుండా ఉంచింది పత్రికలూ పార్లమెంటూ కోర్టులూ నడుస్తున్న కాలం. వదిలింది నియంతృత్వం వచ్చిన రెండో వారంలో. ఎమర్జెన్సీ ఇరవై ఒక్క నెలలనూ చీకటి గదిలా విడదీసి, మిగతా ఇల్లంతా వెలుగే అనుకునే అలవాటు మనకుంది. జాదూగూడ రికార్డు అందుకు ఒప్పుకోదు. లండన్ చేరాక 1977లో ఆమె తన జైలు జీవితాన్ని పుస్తకంగా రాసింది. అందులో ఆమె సొంత గోడు తక్కువ. పక్క గదుల్లోని పల్లెటూరి ఆడవాళ్లు, తల్లులతో పాటు జైల్లో పెరిగే పిల్లలు, బెయిలు కట్టేవాళ్లు లేక ఏళ్లు గడిపినవాళ్లు ఎక్కువ. వాళ్లు ఆమెకు ఏమవుతారు? జైలు రిజిస్టరులో దానికి గడి లేదు.

మేరీ టైలర్ వెళ్లిపోయిన పది నెలలకు తెలుగింటి తలుపు తట్టారు, బెంగళూరులో. పట్టాభిరామరెడ్డి పేరు తెలుగు కవిత్వం చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు. 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ అచ్చేసి పండితుల కోపం చవిచూసిన నెల్లూరు కుర్రాడు. తర్వాత ‘పెళ్లినాటి ప్రమాణాలు’ నిర్మాత, కన్నడ ‘సంస్కార’ దర్శకుడు. ఆ సినిమాలో చంద్రి వేషం వేసింది ఆయన భార్య స్నేహలతారెడ్డి. వాళ్లు లోహియా శిష్యులు. అప్పుడు అజ్ఞాతంలో ఉన్న సోషలిస్టు నాయకుడు జార్జి ఫెర్నాండెజ్ వాళ్ల కుటుంబ మిత్రుడు. నేరం అక్కడుంది.

1976 మే 2న ఆమెను అరెస్టు చేశారు. దానికి సరిగ్గా నాలుగు రోజుల ముందు, ఏప్రిల్ 28న, జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తులు ఒకవైపు, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడూ మరోవైపుగా తీర్పు చెప్పింది. ఎమర్జెన్సీలో నిర్బంధించినవాడు హేబియస్ కార్పస్ అడగడానికి వీల్లేదని ఆ తీర్పు. నిండు సభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు ధర్మం సూక్ష్మమని భీష్ముడు తప్పుకున్నట్టే ఉంది ఆ నలుగురి పాండిత్యం. విదురుడు అప్పుడు ప్రహ్లాదుడి కథ ఎత్తుకుంటాడు. సభలో అధర్మం జరిగితే సగం పాపం సభాధ్యక్షుడిది, పావు చేసినవాడిది, మిగిలిన పావు నోరు మెదపని సభ్యులదని. పాపాన్ని ఇంత కచ్చితంగా పంచిపెట్టిన లెక్క మరోచోట దొరకడం కష్టం.

జార్జి ఎక్కడ? పోలీసులకు కావాల్సింది ఇది ఒక్కటే. భారతంలో కౌశికుడనే తపసిని ఇదే ప్రశ్న అడుగుతారు, దొంగలు. ప్రాణభయంతో పారిపోయినవాళ్లు ఏ దారిన వెళ్లారని. సత్యవ్రతం తప్పనివాడు కదా, అటు వెళ్లారని చెప్పాడు. దొంగలు వాళ్లను చంపారు, కౌశికుడు నరకానికి పోయాడు. కృష్ణుడు అర్జునుడికి ఈ కథ చెప్పింది ధర్మరాజు మీద కత్తి దూసిన వేళ. పోతన భాగవతంలో శుక్రాచార్యుడైతే ఏకంగా జాబితా ఇస్తాడు, ఎక్కడెక్కడ బొంకవచ్చో. ప్రాణం కాపాడటానికి అన్నది అందులో ఉంది. జర్మనీలో కాంట్ 1797లో ఇదే ప్రశ్న వేసుకుని, నీ మిత్రుణ్ణి చంపడానికి వచ్చినవాడికి కూడా అబద్ధం చెప్పకూడదని తేల్చాడు. ఈ ఒక్క విషయంలో కాంట్ కంటే కౌశికుణ్ణి నరకానికి పంపినవాడే లోకం తెలిసినవాడు.

జూన్ 10న జార్జి కలకత్తాలో దొరికాడు. ఇక స్నేహలతతో పనేముంది? అయినా వదల్లేదు. జార్జి మీద పెట్టిన బరోడా డైనమైట్ కేసు చార్జిషీటులో ఆమె పేరు లేదు. అయినా మీసా అనే నిర్బంధ చట్టం కింద బెంగళూరు సెంట్రల్ జైల్లోనే ఉంచారు. తీవ్రమైన ఉబ్బసం. రాత్రి నిశ్శబ్దంలో ఆమె అరుపులు తన గదికి వినిపించేవని అదే జైల్లో ఉన్న మధు దండావతే తర్వాత రాశాడు. ఊపిరాడే రోజుల్లో ఆమె తోటి ఆడఖైదీలకు ఆటలూ పాటలూ నేర్పింది, డైరీ రాసుకుంది. 1977 జనవరి 15న పెరోలు మీద పంపారు. 20న చనిపోయింది. మీసా కింద నిర్బంధించినవాళ్లు 34,988 మంది అని ఎమర్జెన్సీ మీద వేసిన షా కమిషన్ లెక్క కట్టింది. ఆ అంకె వెనక ఎన్ని ఇళ్ల వాళ్లు ‘మాకేమీ కాడండీ’ అని గుమ్మంలోనే తలుపు వేసుకున్నారో కమిషన్ లెక్కలోకి రాదు.

ఇక్కడ కర్ణుడు అడ్డం వస్తాడు. స్నేహం కోసం అధర్మం పక్షాన నిలబడ్డవాడు అతనే కదా. నా మిత్రుడు నిజంగానే తప్పు చేసి ఉంటే? నావాడని చెప్పుకోవడం నేరాన్ని మోయడం కాదా? ప్రశ్న న్యాయమైనదే. అయితే కర్ణుడు మిత్రుడి వైపు నిలబడటంతో ఆగలేదు, మిత్రుడి పాపాన్ని తన బాణంతో చేశాడు. జైలు గేటు దగ్గర నిలబడ్డవాడు అడిగేది వేరు. సంబంధం ఒప్పుకోవడం ఒకటి, నిర్దోషి అని జామీను పడటం మరొకటి. తప్పు చేశాడో లేదో తేల్చే చోటికి నావాణ్ణి తీసుకెళ్లండి, బయటో లోపలో అక్కడ తేల్చండి అనడానికి మిత్రుడు నిర్దోషి అయి ఉండాల్సిన పనిలేదు. గోపన్న విషయంలో రామోజీ చేసింది అదే.

అదీ అంత తేలికేం కాదు. 2018 ఆగస్టు 28న అదే భీమా కోరేగావ్ కేసులో కవి వరవరరావును హైదరాబాద్‌లో అరెస్టు చేసిన రోజే ఆయన కూతురు, అల్లుడి ఇంట్లోనూ సోదాలు జరిగాయి. అల్లుడు విశ్వవిద్యాలయ ఆచార్యుడు. ఇన్ని పుస్తకాలెందుకు, బొట్టెందుకు పెట్టుకోలేదు అని అడిగారని కుటుంబం పత్రికలకు చెప్పింది. బంధుత్వమే సోదా వారంటు అయిన రోజది. అదే రోజు రాంచీలో స్టాన్ స్వామి గదినీ వెతికారు.

స్టాన్ స్వామి పోయిన రెండు వారాలకు హైకోర్టులో న్యాయమూర్తి ఎస్.ఎస్. షిండే ఆయన సేవను మెచ్చుకుంటూ నాలుగు మాటలన్నారు. దర్యాప్తు సంస్థ అభ్యంతరం చెప్పింది. జులై 23న న్యాయమూర్తి ఆ మాటలు వెనక్కి తీసుకున్నారు. కోడి కూతతో పోల్చడం అన్యాయమే అవుతుంది, ఆయన అన్నది మనసారా అన్నట్టే ఉంది. కానీ న్యాయస్థానం కూడా ఒక చనిపోయిన మనిషిని బాగా తలుచుకోవడానికి అనుమతి చూసుకోవాల్సి వచ్చింది.

బెయిలు నిరాకరిస్తూ కింది కోర్టు రాసిన వ్యాఖ్యలు ఆ పేరు మీద అలాగే ఉండిపోయాయి. వాటిని తొలగించాలని 2021 చివర్లో బొంబాయి హైకోర్టులో పిటిషన్ పడింది. వేసింది ముంబై సెయింట్ జేవియర్స్ కాలేజీ మాజీ ప్రిన్సిపాల్ ఫాదర్ ఫ్రేజర్ మాస్కరెన్హస్. ఆయన్ను మృతుడి దగ్గరి బంధువుగా నియమించింది జంషెడ్‌పూర్ జెసూట్ ప్రావిన్సు. స్టాన్ స్వామికీ ఆయనకూ రక్తసంబంధం లేదు.