మల్లెతోటయు, ప్రభువు మాటయు

ధ్యానభాగములు: మత్తయి 6:25–34, యోహాను 20:11–18

ఫాల్గుణమాసము వచ్చునప్పటికి కోనసీమలో మామిడిపూత రాలి పిందె కట్టును. వేపచెట్టు పూతకు సిద్ధపడును. మల్లెతోటలలో తొలిమొగ్గలు కనబడును. ఈ దినములలోనే మన సంఘములు శ్రమకాలపు ఆరాధనలు జరుపుకొనుచు, పునరుత్థాన పండుగకు ఎదురుచూచుచుండును. పువ్వులను చూచి నేర్చుకొనుడని ప్రభువు కొండమీద చెప్పిన మాట ఈ కాలమున మన ప్రసంగపీఠములనుండి తరచుగా వినబడును. వినుటకు అది ఇంపైన మాట. అయితే పూలతోట పెంచి బ్రదుకు విశ్వాసి దానిని వినునప్పుడు, అతని మనస్సులో ఒక ప్రశ్న పుట్టుట సహజము. పువ్వు చెమటోడ్చదనియు, రాట్నము త్రిప్పదనియు గదా ప్రభువు భావము. మల్లె చెమటోడ్చకపోవచ్చును గాని, మల్లె నిమిత్తము మనిషి చెమటోడ్చక తీరునా? కష్టపడనివాని తోటలో మొగ్గ కనబడునా? ఈ ప్రశ్నను మనము త్రోసివేయరాదు.

మొదట ఆ పువ్వులేవో తెలిసికొందము. ప్రభువు చూపినవి తోటలో పెంచిన పువ్వులు కావు. గలిలయ కొండవాలున తమంతట తామే పూచునవి. ఇంగ్లీషు బైబిలులో వాటికి లిల్లీ అను పేరున్నది. మన పూలబజారులలో లిల్లీ యని అమ్మబడు తెల్లని పువ్వు వేరు. అది మెక్సికో దేశపు మొక్క. ప్రభువు చూపినది ఎఱ్ఱని ఎనిమోనీ పువ్వై యుండునని అనేకులైన పండితులు తలంచుచున్నారు. ఆ దేశమున చలికాలపు వానలు వెలిసిన వెంటనే గుట్టలన్నియు రంగులు దాల్చును. వేడిగాలి తగిలిన పిమ్మట కొద్దికాలములోనే అంతయు ఎండిపోవును. ఎండిన ఆ గడ్డిని రొట్టెలు కాల్చు పొయ్యిలో వేయుదురు. వాటిని నాటినవాడు లేడు, తడిపినవాడు లేడు, కంచె కట్టినవాడు లేడు.

మన నేల అట్టిది కాదు. ద్వితీయోపదేశకాండము 11వ అధ్యాయమున మోషే రెండు విధములైన దేశములను చూపెను. ఒకటి, కూరతోటకువలె మనిషి పాటుపడి నీరు కట్టవలసిన ఐగుప్తు. రెండవది, ఆకాశపు వానను త్రాగు కొండలును లోయలును గల కనాను. గౌతమీ వసిష్ఠ పాయల నడుమనున్న మన కోనసీమ ఈ విషయములో ఐగుప్తునకు చుట్టము. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్టమీదను, దానినుండి బయలుదేరిన కాలువలమీదను మన పచ్చదనము నిలిచియున్నది. దానిని కట్టించిన ఆర్థర్ కాటన్ దొరగారు భక్తిగల క్రైస్తవుడు. ఆయన భక్తి ఆయన కొలతబద్దకు అడ్డము రాలేదు. రాళ్లు మోసిన వేలాది కూలీల చెమట లేక ఆ ఆనకట్ట లేవలేదు.

ఇప్పుడు మల్లె సంగతి చూతము. శీతకాలమున రైతు తోటకు నీరు మాన్పించును. చెట్టు వాడును, ఆకు రాలును. తరువాత అతడు కత్తెర పట్టి కొమ్మలను కురచగా కత్తిరించును. సంగతి తెలియనివారు ఆ దారిని పోవుచు, తోటను పాడుచేసినాడే యని అనుకొందురు. ఆ మీదట పాదులు త్రవ్వి, పశువుల యెరువు వేసి, మరల నీరు కట్టగా కొత్త చిగురు వచ్చును. ఆ చిగురుననే మొగ్గ తొడుగును. మొగ్గను తొలుచు పురుగును కనిపెట్టి యుండవలెను. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు బోరునీటితో తోటను కాపాడుకొనవలెను.

ఇంత చేసిన రైతు చేయలేనిది ఒకటున్నది. అతడు మొగ్గను విచ్చునట్లు చేయలేడు. గోటితో రేకులు విప్పిన మొగ్గను ఎవరును కొనరు. ఇంకను వింత యేమనగా, అమ్మకపు మల్లెను విచ్చకముందే, తెల్లవారుజామున కోయుదురు. ఆ మొగ్గ బుట్టలకెక్కి కడియపులంక పూలబజారుకు పోయి, అక్కడనుండి ఏ యూరికో చేరి, సాయంకాలమున ఎవరి యింటనో విచ్చును. పెంచినవాడు దానిని చూడడు. ఆ వాసన అతని గుమ్మమునకు రాదు. అయినను మరునాడు అతడు మరల తోటకు పోవును. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయములోని భక్తులును ఈలాగే, తమ దినములలో కంటబడని వాగ్దానము కొరకు పాటుపడి కన్నుమూసిరి.

మన ప్రశ్నకు జవాబు ఇక్కడనే దొరకుచున్నది. ప్రభువు పని మానుడని చెప్పలేదు. చింత మానుడని చెప్పెను. నీరు కట్టుట పని; మొగ్గను గోటితో విప్పబూనుట చింత. పని మన చేతికిచ్చినదానిని చేసి ఊరకుండును. చింత దేవుని చేతిలోనున్నదానిని లాగుకొనజూచి, రాత్రియంతయు మేలుకొనియుండును. తెల్లవారిన తరువాత చేయవలసిన పనికి బలము మిగల్చదు.

అయితే ఈ మాటను ఎవరితో ఎట్లు చెప్పుచున్నామో జాగ్రత్తగా చూచుకొనవలెను. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరమునొద్ద 35 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు పారి లంకలను ముంచెను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపాను మన కొబ్బరితోటలను నేలగూల్చి, వందలకొలది ప్రాణములను తీసికొనెను. 2011లో గిట్టుబాటు లేక కోనసీమ రైతులనేకులు సార్వా వేయక పొలములను బీడు విడిచిరి. దానిని పంట విరామమనిరి. ఆ యేట వారు ఆకాశపక్షులవలె విత్తనూ లేదు, కోయనూ లేదు. గాని వారి మనస్సులో పక్షికున్న నిశ్చింత లేదు. అట్టి అప్పులవాని గుమ్మమున నిలిచి, కడుపు నిండినవాడు చింతింపకుమని చెప్పి తన దారిని పోయినయెడల, అతడు వాక్యమును అడ్డుపెట్టుకొని తన బాధ్యతనుండి తప్పించుకొన్నాడని మేము తలంచుచున్నాము. ఆ అధ్యాయమునందే, భూమిమీద ధనము కూర్చుకొనవద్దను ఆజ్ఞయు ఉన్నది గదా. కూడబెట్టువానికి ఈ ఆజ్ఞను చెప్పక, లేనివానికి మాత్రము ఆ ఓదార్పును చెప్పుట వాక్యమును సగము విరుచుటయే. చింతింపకుమని చెప్పు నోరు గలవాడు భారమునకు భుజము కూడ ఒగ్గవలెను.

మరియొక సంగతి. తెల్లవారకముందే దీపములు పట్టుకొని మొగ్గలు కోయువారిలో కూలికి వచ్చు స్త్రీలే యెక్కువ. వారు పురుగు పుట్రకు వెరచుచు, మంచుకు తడియుచు కోసి, తూకమునుబట్టి కూలి తీసికొందురు. పెండ్లి ముహూర్తములున్న దినములలో పూలధర ఎక్కును. మూఢము వచ్చినప్పుడు దిగును. ధర ఎక్కినప్పటి లాభము యజమానునికి చేరి, ధర దిగినప్పటి నష్టము కూలిదాని పైట కొంగున పడుట న్యాయమా? ఇయ్యని కూలికి నోరున్నదనియు, దాని కేక దేవుని చెవి చేరుననియు యాకోబు తన పత్రిక 5వ అధ్యాయమున హెచ్చరించెను. దేవుని నీతిని మొదట వెదకవలెనను మాట, పువ్వుల మాట వెంటనే ప్రభువు చెప్పినది. ఆరాధనాస్థలమున మనముంచు మల్లెదండ ఎంత తెల్లగా నున్నను, దాని కోతకూలి బాకీయున్నయెడల అది దేవునికి పరిమళము కానేరదు.

పునరుత్థాన దినమున తెల్లవారకముందే మన ప్రాంతపు విశ్వాసులనేకులు సమాధుల తోటకు పోయి, తమవారి సమాధులను పూలతో అలంకరించి, కొవ్వొత్తులు వెలిగింతురు. ఆ వేకువనే కోసిన మల్లె అప్పటికింకను మొగ్గగానే యుండును. మనము పాడి, ప్రార్థించి, కన్నీరు తుడుచుకొని ఇంటికి వచ్చిన తరువాత, చూచువారు లేని సాయంకాలమున అది అక్కడ విచ్చును. ఇది పునరుత్థానమునకు ఋజువని మేము చెప్పము. ఆ పువ్వు మరునాటికి వాడును. క్రీస్తు లేచినది మరల వాడుటకు కాదు. అయినను ఆ మొగ్గ మనకొక వినయమును నేర్పుచున్నది: మన కన్నులయెదుట విచ్చని దానిని, ఇక విచ్చనే విచ్చదని మనము తీర్మానింపరాదు.

ప్రభువును ఉంచిన సమాధి ఒక తోటలోనుండెనని యోహాను వ్రాసెను. మగ్దలేనే మరియ ఏడ్చుచు ఆయనను చూచి తోటమాలి యనుకొనెను. ఆయన ఆమెను పేరుపెట్టి పిలిచినప్పుడు గాని ఆమె ఆయనను గుర్తుపట్టలేదు. ప్రియులారా, మన పిల్లల విషయమైన ప్రార్థనలు, సంఘములో మనము చేసిన చిన్న సేవలు, మన పొలములో పోసిన చెమట, ఇవన్నియు కోసి పంపిన మొగ్గలే. వాటిలో కొన్ని మన యెదుట విచ్చును, కొన్ని విచ్చవు. నీళ్లబిందె మన చేతిలోనున్నది. విచ్చుగడియ ఆ తోటమాలి చేతిలోనున్నది. కూలివారికి నేటి కూలి నేడే యిచ్చి, పొరుగువాని భారమును కొంత మనము మోసి, రేపటి మొగ్గను ఆయనకు అప్పగించి, నెమ్మదిగా పండుకొందము.