సంఘపు పెట్టె



ప్రసంగించుటయు, ప్రార్థించుటయు, రోగులను దర్శించుటయు దేవుని సేవయని అందరును ఒప్పుకొందురు. గాని సంఘపు లెక్కలు వ్రాయుట, రిజిస్టరులు సరిచూచుట, ఉత్తరములకు జవాబులిచ్చుట అనగానే, "అది గుమాస్తా పని, ఆత్మీయమైనది కాదు" అనువారు మనలో అనేకులున్నారు. ఈ తలంపు సరియైనదేనా? ఈ నెల దీనిని వాక్యపు వెలుగులో ఆలోచింతము.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము చూడుడి. యెరూషలేము సంఘము విస్తరించినప్పుడు అనుదిన పంపకములో గ్రీకుభాష మాటలాడు విధవరాండ్రు విడువబడిరి. ఎవరో వారిని ద్వేషించిరని అక్కడ వ్రాయబడలేదు. సంఘము పెరిగినది గాని పంపకము చూచుటకు తగిన ఏర్పాటు లేకపోయెను. అందుకు అపొస్తలులు ఎటువంటివారిని కోరిరి? లెక్కలు వచ్చిన వారు చాలునని వారు అనలేదు. మంచి పేరు పొంది, ఆత్మతోను జ్ఞానముతోను నిండిన ఏడుగురిని ఏర్పరచుకొనుమనిరి. ప్రేమయుండియు క్రమము లేనిచోట మొదట నష్టపోవువారు బీదలే. ధనవంతుని పేరు అందరికిని జ్ఞాపకముండును. బీదవాని పేరు పుస్తకములో నుండవలెను.

మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లె సంఘములలో ఆఫీసు గది గలవి కొద్ది. అనేకచోట్ల ఒక ఇనుప పెట్టెయే ఆఫీసు. అందులో సభ్యుల పట్టిక, బాప్తిస్మముల పుస్తకము, వివాహ రిజిస్టరు, సమాధుల పుస్తకము, కానుకల చిట్టా, కమిటీ మినిట్సు ఉండును. ఈ ఆరు పుస్తకములు సరిగా నున్నచో సంఘము తన బిడ్డలను ఎరిగియున్నదని చెప్పవచ్చును.

మన పల్లెలవారు పనికొరకు విశాఖపట్నము, హైదరాబాదు, చెన్నై పోవుదురు. సముద్రతీరపు సహోదరులు దూరమైన గుజరాతులోని వేరావలు రేవువరకు పోవుదురు. పండుగకు వచ్చి మరల వెళ్లువారిని సంఘము మరచిపోవుట సులభము. పట్టికలో వారి పేరు ప్రక్కన ఊరు, ఫోను నంబరు వ్రాసియుంచిన కార్యదర్శి వారి నిమిత్తము పేరుపేరున ప్రార్థింపగలడు. వారు వేరొక సంఘములో చేరునప్పుడు సిఫారసు పత్రిక వెంటనే పంపగలడు. పౌలు ఫీబేను రోమా సంఘమునకు అట్లే అప్పగించెను (రోమా 16:1).

కానుకల సంగతియు ఇట్టిదే. యెరూషలేము పరిశుద్ధుల కొరకు పోగుచేసిన ద్రవ్యమును పౌలు ఒంటరిగా తీసికొనిపోలేదు. ప్రభువు దృష్టికే గాక మనుష్యుల దృష్టికిని నిందలేకుండునట్లు ఇతరులను వెంట నుంచుకొనెను (2 కొరింథీ 8:19–21). అపొస్తలునికే సాక్షులు కావలసియుండగా మనకు అక్కరలేదా? సంచి గుడి దాటకముందే ఇద్దరు లెక్కించవలెను. ఆ దినమే చిట్టాలో వ్రాయవలెను. ఇచ్చినవారికి రసీదు ఇయ్యవలెను. కోశాధికారిని అనుమానించుటకు కాదు, అనుమానమునుండి అతనిని కాపాడుటకే ఈ ఏర్పాటు.

మన ప్రాంతపు చరిత్ర దీనికి సాక్ష్యమిచ్చుచున్నది. లండను మిషనరీ సొసైటీ దొరలు క్రాన్, డెస్ గ్రాంజెస్ అనువారు 1805లో విశాఖపట్నము వచ్చిరి. క్రాన్ దొర 1809లోను, డెస్ గ్రాంజెస్ దొర 1810లోను చనిపోయిరి. ఆనందరాయరు సహాయముతో తెలుగులోనికి త్రిప్పబడిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయినవి. త్రిప్పినవాడు సమాధిలో నుండగా ఆ కాగితములు పోకుండ కాచినవారు గలరు. వారు చేసినది గుమాస్తా పనియని చెప్పగలమా?

యిర్మీయా అనాతోతు పొలమును కొన్నప్పుడు ముద్రవేసిన పత్రమును, ముద్రలేని పత్రమును రెంటిని మంటికుండలో పెట్టి భద్రపరచుమని బారూకుకు ఆజ్ఞాపించెను (యిర్మీయా 32). పట్టణము ముట్టడిలో నుండగానే ఆయన పత్రము దాచెను. అది దేవుని వాగ్దానమందలి విశ్వాసము. తుపానుల దేశములో నివసించు మనకు ఇది తగిన పాఠము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నము వద్ద తీరము దాటెను. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతమును కూల్చెను. పైకప్పు లేచిపోయినప్పుడు రిజిస్టరు ఏమగును? ప్రతి పుస్తకమునకు నకలు తీసి వేరొక యింట ఉంచుడి. నేడు చేతిఫోనుతో ప్రతి పుటకును ఫొటో తీయవచ్చును. పుస్తకములను ప్లాస్టిక్ సంచిలో చుట్టి నేలకు ఎత్తుగా పెట్టుడి.

ఇక కష్టమైన సంగతి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము పెండ్లి జరిగిన వెంటనే రిజిస్టరులో వరుసగా వ్రాసి, వధూవరులచేతను ఇద్దరు సాక్షులచేతను సంతకము చేయించుమనుచున్నది. పెండ్లికుమార్తెకు 18, పెండ్లికుమారునికి 21 సంవత్సరములు నిండవలెను. "అయ్యగారూ, పిల్ల వయస్సు ఒక సంవత్సరము ఎక్కువ వ్రాయండి" అని అడుగు తండ్రి గలడు. మరియొకడు, "నా పేరు బాప్తిస్మపు పుస్తకములో వ్రాయవద్దు" అనును. అతని భయమునకు కారణము గలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులపు హక్కును మొదట హిందువులకే యుంచెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరింపజేసిరి. క్రైస్తవునికి అది లేదు. పిల్లల చదువు, ఉద్యోగము తలచుకొని వెనుదీయు ఆ బీదవానిమీద రాయి వేయుటకు మనకు అధికారము లేదు. అయినను పుస్తకము అబద్ధమాడరాదు. చట్టము అన్యాయమని తోచినచో బహిరంగముగా చెప్పుదము. రిజిస్టరులో మోసము చేసి కాదు. అట్లే ఆ పుస్తకమును నలుగురికి చూపి ఎవరిని సిగ్గుపరచను గూడదు. నిజము వ్రాయుటయు, వ్రాసినదానిని గోప్యముగా కాపాడుటయు రెండును కార్యదర్శి విధులే.

తుదకు ఒక హెచ్చరిక. దావీదు జనసంఖ్య చేయించినప్పుడు అతని మనస్సే అతనిని గద్దించెను (2 సమూయేలు 24). గొప్ప చెప్పుకొనుటకు లెక్కించుట వేరు, పోషించుటకు లెక్కించుట వేరు. బబులోనునుండి తిరిగివచ్చిన కొందరు యాజకుల పేర్లు వంశావళులలో కనబడలేదు. అయితే ఊరీము తుమ్మీముగల యాజకుడు వచ్చువరకు ఆగుమనిరే గాని సంగతి అంతటితో ముగియలేదు (ఎజ్రా 2:62–63). కాబట్టి పుస్తకములో పేరు లేదని ముసలమ్మను బల్లయొద్దనుండి లేపకుడి. సాక్షులను విచారించి, పుస్తకమును దిద్దుడి. పుస్తకము సంఘము కొరకు గాని సంఘము పుస్తకము కొరకు కాదు.

ప్రియులారా, ఈ నెల మీ సంఘపు పెట్టెను కార్యదర్శియు కోశాధికారియు కాపరియు కలిసి తెరచి, మొదట ప్రార్థన చేసి, ఒక్కొక్క పేరును మెల్లగా చదువుడి. ఎవరు చనిపోయిరో, ఎవరు వలసపోయిరో, ఎవరిని చూచి ఎన్నాళ్లయినదో గురుతు పెట్టుడి. తన గొఱ్ఱెలను పేరు పెట్టి పిలుచు మంచి కాపరి ఈ చిన్న పనియందు మనలను నమ్మకమైనవారినిగా చేయును గాక. ఆమేన్.